సగానికి కోసిన గోనెసంచులు

అరకు చూడ్డానికి వచ్చినవాళ్ళు కాఫీ పొడి వాసన పీల్చి మురిసిపోయి వెళతారు. పులిసిన కాఫీపళ్ళ తొక్క వాసన మాత్రం మా వాటా. ఈ ఉదయం గేటు దాటగానే ఆ పులుపు ముక్కుకు కొట్టింది, వెంటనే అప్పలనర్సమ్మ గారు గుర్తొచ్చారు. ఈ మాట వింటే ఆవిడ సంతోషించేవారు కారు.

అనంతగిరి దగ్గర ఈ చిన్న కాఫీ యూనిట్ పెట్టింది ఆవిడే. గిరిజన రైతుల దగ్గర పళ్ళు కొని, తొక్క తీయించి, గింజలు ఎండబెట్టించి అమ్మేవారు. ఆవిడది పార్వతీపురం వైపు రైతు కుటుంబం. నాది బీకాం, రెండో శ్రేణి. ఆ అర్హతతో కాటా పక్కన లెక్కలు రాసే కుర్చీ సంపాదించాను. దానికి మూడు కాళ్ళే గట్టివి. జీతానికి తగ్గ కుర్చీ.

బస్తాలు మోసేవాళ్ళలో సుక్రా అందరికన్నా బలవంతుడు. ఒక ఏడాది తడిసిన మెట్ల మీద బస్తాతో సహా జారాడు. నడుం పట్టేసింది. అయినా మూడోరోజుకే పనిలోకొచ్చాడు. ఎలా వచ్చాడో నాకొక్కడికే తెలుసు. టౌనులో ఒక మందులషాపువాడు డాక్టరు చీటీ అడక్కుండా గట్టి నొప్పిబిళ్ళలు ఇచ్చేవాడు. నేను బండి మీద వెళ్ళినప్పుడల్లా సుక్రాకి ఒక అట్ట తెచ్చిపెట్టేవాణ్ణి. మొదట్లో రోజుకొకటి వేసుకునేవాడు, తర్వాత ఎన్నో నేను అడగలేదు. అవి నల్లమందు జాతివని, మోతాదు మించితే ఊపిరి ఆగిపోతుందని నాకు తెలీదు. అట్ట మీద రాసి ఉందేమో చదవలేదు. చదువుకున్నవాణ్ణి కదా.

పళ్ళు విరగబడి దిగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక సుక్రా బస్తాల మీద ఒరిగి గురక పెడుతున్నాడు. మామూలు గురక కాదు, గొంతులో నీళ్ళు సుడి తిరుగుతున్నట్టుంది. లేపమంటావా అన్నట్టు అందరూ నా వైపు చూశారు. "మిషను బాగా తిరుగుతోంది, ఆపకండి" అన్నాను. అందరూ నవ్వారు. నా హాస్యానికి అంతమంది నవ్వడం అదే ఆఖరు. కాసేపటికి గురక ఆగింది. నిద్ర పట్టిందనుకున్నాం. పని వేళకి లేపబోతే పెదాలు నీలంగా ఉన్నాయి, చెయ్యి చల్లగా ఉంది. అంబులెన్సు ఘాట్ రోడ్డెక్కి వచ్చింది కానీ దానికి పని లేకపోయింది.

కర్మకాండ అయ్యాక అప్పలనర్సమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని సుక్రా ఊరు వెళ్ళారు. వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. నొప్పి ఉందని మాకెందుకు చెప్పలేదని ఆవిడ అడిగారు. సుక్రా భార్య కోపంగా కూడా అనలేదు. "ఇంటికాడ సెప్పేవోడమ్మా, రోజూ. మీకు సెప్తే పన్లోంచి తీసేత్తారని బయం" అంది.

తిరుగుదారిలో జీపులో నేను బిళ్ళల సంగతి చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. చాలా మలుపుల తర్వాత ఆవిడ అన్నారు: "నువ్వు తెచ్చినావు. నాను మోయించినాను."

మర్నాడు ఆవిడ కత్తిపీట ముందేసుకుని యూనిట్‌లో ఉన్న గోనెసంచులన్నీ సగానికి కోశారు. పొట్టిగా కుట్టించారు. ఇక ఎంత బలవంతుడైనా పాత బరువు ఎత్తలేడు, ఎత్తించడం ఎవరి తరమూ కాదు. పని నెమ్మదించిందని కొనేవాళ్ళు ఇద్దరు మమ్మల్ని వదిలేశారు. ఆవిడ వాళ్ళకి కాఫీ ఇచ్చి సాగనంపారు. ఆవిడ పిలిపిస్తే ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి, ఆ గురక నిద్ర కాదని, మనిషి లేవకపోతే వెంటనే అంబులెన్సు పిలవాలని, అది వచ్చేదాకా నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలని, ఆసుపత్రిలో ఆ బిళ్ళలకి విరుగుడు సూదిమందు ఉంటుందని చెప్పింది. పడిపోయిన మనిషిగా నన్ను పడుకోబెట్టి చూపించింది. నా వల్ల యూనిట్‌కి జరిగిన మొదటి ఉపయోగం అదే. ఆ రోజు సుక్రా గురక వింటూ కూర్చున్నవాళ్ళే చుట్టూ ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

నొప్పి ఉందన్నవాళ్ళకి తేలిక పని ఇస్తామని, కూలి తగ్గదని, బిళ్ళలు మానలేకపోతున్న మనిషిని డాక్టరు దగ్గరికి తనే తీసుకెళతానని ఆవిడ ప్రతి సోమవారం పొద్దున్నే చెప్పేవారు. ఎవరూ నోరు విప్పేవారు కారు. ఎందుకు విప్పుతారు? అలాంటి మాటలు అంతకుముందు చాలామంది చెప్పి ఉంటారు. ఆవిడ మాత్రం చెప్పాక వెళ్ళిపోకుండా అక్కడే నిలబడేవారు. రెండు నెలలు నిలబడ్డారు. చివరికి గింజలు ఆరబెట్టే కమలి వాచిన తన మణికట్టు చూపించింది. ఆ రోజే ఆమెను నీడలో గింజలు ఏరే పనికి మార్చారు. వారం చివర కమలి చేతిలో పూర్తి కూలి పడేదాకా మిగతావాళ్ళు చూశారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు.

అప్పలనర్సమ్మ గారు పోయి రెండేళ్ళవుతోంది. సోమవారం మాటలు ఇప్పుడు నేను చెబుతున్నాను. ఆవిడంత బాగా చెప్పలేను, మధ్యలో వేళాకోళం దూరుతుంది. ఈ ఉదయం చెప్పడం అయ్యాక అందరూ పనిలోకి వెళ్ళారు, కొత్తగా చేరిన హమాలీ ఒకడు తప్ప. పెళ్ళాం పిల్లలున్నవాడు. ఏటయ్యింది అని అడిగాను.

"ఏటీ లేదు సారూ" అన్నాడు. కానీ కదల్లేదు.

నేనూ కదల్లేదు.