పాలతో వేసిన మాత్ర

ఇంగ్లీషు మందు నాయన ఒంటికి సరిపడలేదని మా వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. పెళ్ళి పంక్తిలో చెబుతారు, చావింటి అరుగు మీద చెబుతారు. కూతురు చదువుకున్నది, మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆమె పట్టుబట్టి ఆ మాత్రలు మింగించింది, ముసలాయన ఇంకా బిగుసుకుపోయినాడు అని ముగిస్తారు. నేను పక్కనే కూర్చుని ఉన్నా ఆపరు. అది అబద్ధం. మందు సరిపడింది. ఒక మామిడికాయల కాలమంతా ఎంత బాగా సరిపడిందో నా కళ్ళతో చూశాను. దాన్ని ఆయన మెదడు దాకా చేరనివ్వనిది మా ఇల్లు.

మాది జవళగిరి పక్కన అడవి అంచు ఊరు. నాయన పశువుల మనిషి. అన్న మత్తిగిరి వైపు నుంచి సీమావులు తోలుకొచ్చి సొసైటీకి పాలు పోయడం మొదలుపెట్టాక కూడా, నాయన తన నాటు ఆవు పొదుగు మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. అదీ ఆయన చేతికే చేపేది. ఒక పొద్దున అది చెంబును తన్నేసింది. ఆవుకే ఏదో అయిందనుకున్నాం. తేడా నాయన చేతిలో ఉంది. ఊరికే కూర్చున్నా బొటనవేలు పక్క వేలి మీద దొర్లుతూ ఉండేది, గింజ నలుపుతున్నట్టు. తరువాత చెయ్యి బిగిసింది, గడప దగ్గర అడుగు ఆగిపోయింది, మొహంలో నవ్వు కనపడకుండా పోయింది, మాట గొణుగుడయింది. వాటిలో దేనికీ ఆయన బాధపడలేదు.

"నడక పోతే పోనీ అమ్మణ్ణీ. దాన్ని ఒక తూరి నా చేత్తో పిండుకుంటే చాలు," అనేవాడు.

వదిన ఆ ఆవుకు కాళ్ళు కట్టి పిండేది. అది సగం పాలు బిగబట్టుకునేది. నాయన తిన్నె మీద నుంచి చూసేవాడు.

నేను కృష్ణగిరి కాలేజీలో కెమిస్ట్రీ ముగించి హోసూరులో కొత్తగా వచ్చిన ఒక మందుల ఫ్యాక్టరీలో చేరిన రోజులవి. డెబ్బైల చివర. అన్న నాయనను బెంగుళూరుకు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించి, మెదడులో నరాల జబ్బంట అని మాత్రలు తెచ్చాడు.

"రోజుకు మూడు మాత్రలు. అంతే," అన్నాడు.

అంతేనా అని నేను అడిగాను. అంతే అన్నాడు.

మా ఇళ్ళలో ఇంగ్లీషు మందంటే వేడి. దాన్ని చల్లార్చడానికి పాలు తాగాలి. పైగా పశువులున్న ఇంట్లో పెద్దవాడికి మాత్రతో మంచినీళ్ళు ఇవ్వడమంటే ఆయన్ను వాకిట్లోకి నెట్టినట్టే. కాచిన పాలలో మొదటి లోటా నాయనది. వదిన మాత్ర ఆయన నాలుక మీద పెట్టి, లోటా తనే పట్టుకుని, మీగడతో సహా తాగించేది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. ఆమె చేసిన దాంట్లో నేను తప్పు వెతకను. అత్తగారింట్లో నేర్చుకున్నది చేసింది. అన్న మాత్రం ఎదురుగా కూర్చుని చూసేవాడు.

ఏడాది గడిచింది. మాత్రలు పెరిగాయి. నాయన చెయ్యి కదల్లేదు. ఇంగ్లీషు మందు పట్టలేదన్న మాట అప్పుడే పుట్టింది.

మరుసటి ఏడు మామిడి తోటలో కాయ దింపే పని పడి అన్న రాలేనంటే, నాయనను నేనే బెంగుళూరుకు పిలుచుకుపోయాను. డాక్టరు నాయన ముంజేతిని వంచి చూసి, ఆయన్ను బయట కూర్చోబెట్టమని, మందు ఎట్లా ఇస్తున్నారని కన్నడంలో అడిగాడు. పాలతో అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"మీ అన్నకు చెప్పాను కదమ్మా. పాలతో వద్దు, పప్పుతో వద్దు. తిండికి గంట ముందు, ఉత్త నీళ్ళతో. పాలు తాగాలనుంటే రాత్రి పడుకోబోయే ముందు తాగనీ."

నేను కెమిస్ట్రీ చదివానని చెబితే ఒక కాగితం మీద గీసి చూపించాడు. పాలలో ఉండే ప్రోటీను కడుపులో ముక్కలు ముక్కలవుతుంది. ఈ మందు కూడా ఆ ముక్కల జాతిదే. పేగు గోడ దాటడానికీ, రక్తంలో నుంచి మెదడులోకి పోవడానికీ ఆ ముక్కలకూ మందుకూ ఉండేది ఒకటే రకం వాకిలి. సాయంత్రం హోసూరు బస్టాండులో బెంగుళూరు బస్సు వచ్చినప్పుడు చూడాలి. కుర్రకారు అంతా తోసుకుని ఎక్కేస్తే, కర్ర పట్టుకున్న ముసలాయన టికెట్ డబ్బులు చేత్తో పట్టుకుని కిందే నిలబడిపోతాడు. నాయన మాత్ర ఏడాది పాటు అట్లా కింద నిలబడింది.

ఫ్యాక్టరీలో నా పని కోటింగ్ సెక్షన్‌లో. తిరిగే పెద్ద గిన్నెల్లో మాత్రలు దొర్లుతుంటే వాటి మీద పాలిమర్ ద్రావణం చిమ్ముతాం. కడుపు పులుపుకు కరగని పొర, పేగులోకి పోయాకే విడే పొర. మందు చేరవలసిన చోటికి చేరాలని అంతమంది షిఫ్టుల్లో నిలబడి చేసే పని అది. అన్న ఇంట్లో ఒక్క మాట చెప్పి ఉంటే, ఏ పొరా లేకుండానే ఈ మందు చేరేది.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. మాత్ర నేనే ఇచ్చాను, నీళ్ళతో. నీళ్ళెందుకో నాయన అడగలేదు, నేను చెప్పలేదు. వదిన లోటా పట్టుకుని వస్తే రాత్రికి అన్నాను. కొన్నాళ్ళకు నాయన గొంతు పెరిగింది. గడప దాటాడు. ఆ వేసవిలోనే ఆయన ఆవు ఈనింది. ఒక పొద్దున మాత్ర వేసుకున్న అరగంటకు నాయన చెంబు తీసుకుని తనంతట తానే కొట్టంలోకి పోయాడు. కాళ్ళు కట్టొద్దన్నాడు. చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పొదుగు మీద నీళ్ళు చల్లి, కూర్చున్నాడు. మొదటి ధార అంచుకు తగిలి బయటికి చిందింది. రెండోది చెంబులో పడింది. తరువాత ఆ చప్పుడు ఆగలేదు. నురగ చెంబు అంచు దాటింది.

"ఇది నన్ను మర్చిపోలేదమ్మణ్ణీ," అన్నాడు. మొహంలో నవ్వు కూడా కనపడింది.

ఊరు దాన్ని చూడలేదు. ఊరు చూసింది వేరే. పాలు పోసే చోట ఒకామె వదినతో అన్న మాట నా చెవిన పడింది. "క్యాన్లు క్యాన్లు వ్యాను ఎక్కిస్తారు, మామకు మాత్రం మాత్రలోకి నీళ్ళంట గదమ్మా. ఆడబిడ్డ చెప్పిందా, నువ్వే అనుకున్నావా?" వదిన క్యాను మూత పెట్టుకుని తల దించుకుని వచ్చేసింది. నేను నిలబడి ఆమెకు ప్రోటీను సంగతి చెప్పబోయాను. "మీ నాయన పాలు తాగే పెరిగినాడు తల్లీ, నువ్వూ తాగే చదివినావు," అని వెళ్ళిపోయింది.

సెలవు అయిపోయి నేను హోసూరుకు వచ్చాను. వానలు పడ్డాక మళ్ళీ పోయేసరికి నాయన తిన్నె మీద ఉన్నాడు, చెక్కలాగా. పక్కన ఖాళీ లోటా, లోపల తెల్లటి చార. కొట్టంలో ఆవు కాళ్ళకు తాడు ఉంది.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"వీధిలో తలెత్తుకుని తిరగల్ల గదమ్మా నేను. నువ్వు రెండు దినాలుండి పోతావు. ఈడ ఉండేది మేము."

"నీ తల కోసం ఆయన చేతులు కట్టేస్తావా?"

"చదువుకున్నావని ఎట్లబడితే అట్ల మాట్లాడొద్దు."

మాట్లాడాను. ఊరంతా వినేలా మాట్లాడాను. ఫలితం ఏమీ లేదు. నాయన ఆ మరుసటి చలికాలంలో గడప దగ్గర పడి, మంచం పట్టి, పోయాడు.

కొన్నేళ్ళకు మా ఫ్యాక్టరీకి ఒక శాస్త్రవేత్త వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు. పెప్టైడ్లంటే ప్రోటీను ముక్కలు కొన్ని కలిసిన పొట్టి గొలుసులు. వాటిని కొద్దిగా మార్చి మందుకు తగిలిస్తే మెదడు వాకిలి తెరుచుకుంటుందట. పాలిమర్‌లో పొదిగితే మందు కొంచెం కొంచెంగా ఊరుతుందట. వేళకు అందితే నరాల కణాలు చావకుండానే కాపాడవచ్చట. ఇదంతా ఇంకా ఎలుకల దగ్గరే ఉందని కూడా ఒప్పుకున్నాడు, ఆ మటుకు నిజాయితీపరుడు. ప్రశ్నలు అడగమన్నారు. లేచాను.

"మీ పొర ఎన్ని లోటాల పాలకు తట్టుకుంటుంది సార్?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "చెప్పినట్టు మందు వేసుకోకపోతే అది మందు సమస్య కాదు మేడమ్, రోగి సమస్య."

"రోగికి చెయ్యి లేవదు సార్. లోటా పట్టేది వేరేవాళ్ళు."

మా మేనేజరు గడియారం చూసుకుని టీ వచ్చిందన్నాడు.

ఆ ఆదివారం ఊరికి పోయి అన్నను ముందు కూర్చోబెట్టుకున్నాను. డాక్టరు మాట మొదటే ఎందుకు చెప్పలేదని అడిగాను. తువ్వాలు మడత పెట్టి భుజాన వేసుకున్నాడు.

"మీ వదినకు చెప్పలేదు. నాయనకు చెప్పినాను."

"ఎప్పుడు?"

"నువ్వు సెలవు ముగించి పోయినావే, అప్పుడు. కోడలి మీద ఊరంతా మాట పడుతుంది, ఏం చేద్దాం నాయనా అంటే, పాలే తెమ్మను అన్నాడు."

అప్పటికి నాయనకు గొంతు తిరిగి వచ్చి ఉంది. అనగలడు. కోడలిని నలుగురూ అనడం ఆయన ఓర్చుకునే మనిషి కాదు. నమ్మడానికి వీలుగానే ఉంది, అందుకే నాకు ఒళ్ళు మండింది. చచ్చినవాడి నోట్లో ఏ మాటైనా పెట్టవచ్చు. వదిన వైపు తిరిగాను.

"నాకేం తెలుసమ్మా. మీ అన్న తెమ్మన్నాడు, తెచ్చినాను. మామ తాగినాడు," అంది.

"ఏమీ అనలేదా?"

"లోటా అడుగు దాకా తాగినాడు. ఏమీ అనలేదు."

అన్న నిజమే చెప్పాడనుకుందాం. అయినా ఎంత చెప్పాడు? పాలు వద్దన్నారని మాత్రమే చెప్పాడా, ఆవు దగ్గరికి తీసుకుపోయింది నీళ్ళతో వేసిన ఆ మాత్రేనని కూడా చెప్పాడా? నేను హోసూరుకు వచ్చేశాక మొదటిసారి వదిన ఆ లోటా పెదవి దగ్గరికి తెచ్చినప్పుడు, అది తాగితే ఇక కొట్టంలోకి పోలేనని నాయనకు తెలుసా?