ఓడలోనా, విమానంలోనా?

గిరిజకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. తినే వస్తువేదైనా ఎక్కడి నుంచి, ఏమెక్కి వచ్చిందో తేలేదాకా తను ముట్టదు, ఇంకొకరిని ముట్టనివ్వదు. విమానంలో వచ్చిన పండు ఆవిడ లెక్కలో ఆకాశమంతా పొగపెట్టి దిగిన నేరస్థుడు. ఓడలో నిదానంగా వచ్చిన చింతపండు, కందిపప్పు పెద్దమనుషులు. అమెరికాలో వాళ్ళుండే ఫార్మింగ్టన్ హిల్స్ కిరాణా కొట్లో ఆవిడ ద్రాక్షపళ్ళను నిలదీస్తుంటే, చూసేవాళ్ళకు వీసా ఆఫీసరు గుర్తొచ్చి చెమటలు పట్టేవి.

వాళ్ళింటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన ఫణికి మొదటి రోజే ఆ ఇంటర్వ్యూ అయింది.

"ఏ ఊరు ఫణీ మీది?"

"తెనాలండీ."

"విమానంలోనేగా వచ్చావు?"

"ఓడలో టికెట్లు దొరకలేదండీ."

గిరిజ పగలబడి నవ్వింది. ఫణి నవ్వలేదు. తనను చూసి ఎవరు నవ్వినా అందులో ప్రపంచంలోని అన్యాయాల చరిత్ర మొత్తం కనిపించే రకం అతను. కంప్యూటర్లు కాలేజీలో చదివాడు, మిగతా లోకాన్నంతా లైబ్రరీల్లో తనంతట తానే చదువుకున్నాడు. అంతా చదివాక లోకంలో ఎవరికీ బుద్ధి లేదని తేల్చేశాడు. ఆ ఎవరిలో తననూ కలుపుకోవాలన్న సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

మిచిగన్‌లో మంచు పడ్డాక దగ్గర్లో దొరికేవి గోదాముల్లో దాచిన దుంపలే. కాబట్టి ఆ ఇంట్లో టర్నిప్ వేపుడు, టర్నిప్ పులుసు, టర్నిప్ పెరుగుపచ్చడి. పండగొస్తే బీట్‌రూట్.

"మమ్మీ, మ్యాంగో ఇల్లీగలా?" అని అడిగింది వాళ్ళమ్మాయి రియా.

"కాదు నాన్నా. టూ ఫార్, అంతే."

"మరి డాడీ కార్‌లో తింటున్నాడు. ఐ సా హిమ్."

గిరిజ భర్త చైతన్యకు హఠాత్తుగా ఏదో మీటింగ్ గుర్తొచ్చింది.

ఫణికీ రోజూ పొద్దున్నే ఒక స్టీలు డబ్బా అందేది. "బయట ప్లాస్టిక్ డబ్బాల్లో కొనుక్కోకు. ఇది ఇరవై మైళ్ళ లోపల పండింది," అనేది గిరిజ. ఆఫీసులో పిజ్జాలకేం కొదవ లేదు. సాయంత్రం ఆ డబ్బా వెళ్ళినంత బరువుతోనే తిరిగొచ్చేది. "టైం లేదక్కా," అనేవాడు.

జనవరిలో ఆ ఉద్యోగం పోయింది. వీసా రూలు ప్రకారం అరవై రోజుల్లో ఇంకొకటి దొరక్కపోతే దేశం వదలాలి. ఫణి ఎవరికీ చెప్పలేదు. జాలి పడేవాళ్ళంటే అతనికి అసహ్యం. రోజూ ల్యాప్‌టాప్ బ్యాగు, స్టీలు డబ్బా పట్టుకుని ఠంచనుగా బయల్దేరి లైబ్రరీకి పోయి, అప్లికేషన్లు పెట్టి, మధ్యాహ్నం కార్‌లో కూర్చుని తినేవాడు. తన నటనకు తనే ముచ్చటపడేవాడు.

సరిగ్గా అప్పుడే గిరిజకు కొత్త ముచ్చట పుట్టింది.

"ఫణీ, శనివారాలు నాతో మార్కెట్‌కి రా. సంచులు మొయ్యలేక చస్తున్నాను."

"బావగారున్నారుగా?"

"ఆయన టర్నిప్ చూస్తే కళ్ళు తిరుగుతున్నాయంటున్నాడు."

రైతుల మార్కెట్‌లో వాల్టర్ అనే పెద్దాయన కొట్టు ఉంది. రాష్ట్రమంతా ఇంటింటికీ కూరల పెట్టెలు పంపే కంపెనీ కూడా ఆయనదే. గిరిజ ఒక్కో దుంపనూ విచారిస్తూ ఆయన ప్రాణం తీసేది. మధ్యలో ఆయన ఆర్డర్ల యాప్ మొండికేస్తే, "మా ఫణి చూస్తాడు," అని ఇతణ్ణి ముందుకు తోసేది. ఫణి చూసేవాడు, బాగుచేసేవాడు, లోపల మండిపోయేవాడు. సంచులు మోయించడం చాలక ఉచితంగా రిపేర్లు కూడానా! మనిషి శ్రమను దోచుకోవడం మీద తను చదివినదంతా క్యాబేజీల మధ్య నిలబడి నెమరేసుకునేవాడు.

గడువు దగ్గరపడింది. ఫణి పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. ఆ శనివారం గిరిజ క్యారెట్లను విచారిస్తుండగా వాల్టర్ ఫణి భుజం మీద చెయ్యేశాడు.

"సోమవారం ఆఫీసుకి రా. నీ పనితనం చూశాను. వీసా ట్రాన్స్‌ఫర్ సంగతి మా లాయర్ చూస్తాడు."

ఫణి చేతిలోని సంచి కింద పెట్టాడు. "నాకు... ఉద్యోగం కావాలని ఎవరు చెప్పారు?"

"గిరిజ. పోయిన నెలే చెప్పింది. కుర్రాడు లోకలేనా అనడిగాను. మా బేస్‌మెంట్‌లోనే ఉంటాడు, ఇక్కడికి నాలుగు మైళ్ళు అంది. ఆవిడ పాస్ చేసిందంటే ఇంక నేను చూసేదేముంది?"

తిరిగొస్తుంటే కార్‌లో అడిగాడు ఫణి.

"నీకెలా తెలుసక్కా?"

"డబ్బా ఖాళీగా వస్తోంది కదా."

"అయితే?"

"ఉద్యోగం ఉన్నవాడెవడైనా నా టర్నిప్ కూర మొత్తం తింటాడా?"

ఫణి స్టీరింగ్ మీద తల వాల్చబోయి, కారు నడుపుతున్నానని గుర్తొచ్చి ఆగాడు. "నన్నే అడగొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకునేవాడివా? నాలుగు పుస్తకాల్లోంచి నలభై మాటలు తీసి నా మొహాన కొట్టేవాడివి. రెడ్ లైట్, బాబూ, చూసుకో!"

కాగితాలన్నీ అయి కొత్త ఉద్యోగంలో చేరిన రోజు కూడా గిరిజ డబ్బా ఇచ్చింది. ఈసారి కృతజ్ఞతతోనైనా చివరి ముక్కదాకా తినాలని ఫణి గట్టిగా నిశ్చయించుకున్నాడు. కానీ ఆ ఆఫీసులోనూ పిజ్జా తెప్పించారు.

సాయంత్రం అతను తలదించుకుని ఇచ్చిన డబ్బాను గిరిజ చేత్తో తూచి చూసింది. మొహం వెలిగిపోయింది.

"ఏమండీ," అని లోపలికి కేకేసింది, "ఫణికి ఉద్యోగం బాగా నచ్చిందిట!"