సున్నం కింద ఏనుగు

నిన్న పక్క అంగడికి వెల్ల వేస్తుంటే తడి సున్నం వాసన గుప్పున కొట్టింది. టీ గ్లాసు పట్టుకుని అట్లే నిలబడిపోయాను. "ఏమన్నా, సున్నం ఎప్పుడూ సూల్లేదా?" అన్నాడు వెల్ల వేసేవాడు. మస్తాన్ మామ గుర్తుకొచ్చాడు.

మామ మా ఊరి కోటవాకిలికి సర్కారు పెట్టిన కావలిమనిషి. కోట ఎప్పుడో పోయింది. బస్టాండుకూ బజారుకూ నడుమ ఆ రాతివాకిలీ, దాని పక్కన దాన్ని పాడుచెయ్యరాదనే నీలం బోర్డూ మిగిలాయి. ఆ బోర్డు గడగడా చదివేంత చదువు నాకు లేదు. అయిదో తరగతిలోనే నేనూ బడీ ఒకరినొకరం వదిలించుకున్నాం. తెలుగువాళ్లకంటూ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో వాకిలి ఎదురుగా టీ అంగడి పెట్టాను. శెనక్కాయల లారీలూ, కదిరి బస్సూ ఆ వాకిలిని చుట్టి పోవాల్సిందే. అంగళ్లవాళ్లు నీడకు వేసే పట్టాల తాళ్లు దాని స్తంభాలకు కట్టేవాళ్లు, మామ విప్పేవాడు. ఆకువక్క వేసుకునేవాళ్లు వేలికి మిగిలిన సున్నాన్ని స్తంభానికి రాసిపోతే, టెంకాయ పీచు తడిపి తుడిచేవాడు. కోపమొచ్చి బజారంతా ఆయనతో మాటలు మానేసింది. పలకరించేది నేనొక్కణ్ణే, అదీ ఎగతాళికి. స్తంభం మీద చెక్కిన చిన్న ఏనుగొకటి ఉండేది.

"మామా, నీ ఏనుక్కి మేత ఏసినావా?"

"ఏసినా అల్లుడా. నీ టీ మాత్రం తాగనంటాంది."

నా నోటికి తగిన జవాబు చెప్పేవాడు ఊళ్లో ఆయనొక్కడే.

ఒక ఎండాకాలం మామ భార్య పోయింది. ఆమెకోసం ఫాతిహా ప్రార్థన చేయించడానికి ముదిగుబ్బలో కూతురింటికి పోయాడు. అప్పుడు బజారు మనసు కరిగింది. పాపం, తిరిగొచ్చేసరికి ఆయన వాకిలి కళకళలాడాలనుకున్నారు. తలా ఒక చెయ్యి వేసి, జాతరకు గుడిని ముస్తాబు చేసినట్టే, పైనుంచి కిందిదాకా సున్నం కొట్టి ఎర్రమన్ను పట్టీలు తీర్చారు. "ఆ రాయికి సున్నం పూయకూడదప్పా" అన్నాను. ఎప్పుడూ నవ్వించేవాణ్ణి కదా, అందరూ నవ్వారు.

మామ బస్సు దిగి, సంచి కింద పెట్టి, ఆ తెల్లటి వాకిలిని చూశాడు. "ఎట్లుండాది సాబూ?" అంటూ అంగళ్లవాళ్లు చుట్టూ మూగారు. ఏనుగు ఉండాల్సిన చోట అరచెయ్యి ఆనించి, "శానా బాగుండాదప్పా" అన్నాడు. ఆ సాయంత్రం వాళ్లంతా ఆయనతో కూచుని టీ తాగారు. అంతమంది నడుమ ఆయన్ని నేను చూసింది అదే మొదలు, అదే ఆఖరు.

మర్నాడు పొద్దున్నే మామ పీచు తడుపుతున్నాడు.

"వద్దు మామా. ఇప్పుడిప్పుడే పలకరిస్తాండారు."

"తెలుసు అల్లుడా. వాళ్లకు మాట్లాడుకునేదానికి ఊరుండాది. దీనికి యెవురుండారు?"

ప్రేమగా పూసినదాన్ని కడిగేస్తున్నాడని బజారు మళ్లీ మొహం తిప్పుకుంది. గీకితే రాయి పోతుందని ఆయన మెల్లగా, ఏళ్ల తరబడి రుద్దాడు. ఉద్యోగం దిగిపోయి ముదిగుబ్బకు వెళ్లేనాటికి ఏనుగు ఒళ్లంతా బయటపడింది, తొండం తప్ప. ఆయన మళ్లీ రాలేదు.

ఇప్పుడు పొద్దున టీ నీళ్లు మరిగేలోపు నేనూ కాస్త పీచు తడిపి ఆ తొండం మీద రుద్దుతాను. "ఏమన్నా, ఏనుక్కి స్నానమా?" అని బస్సుకోసం నిలబడ్డవాళ్లు నవ్వుతారు. బదులు చెప్పడం నాకు చేతకాక కాదు. ఆ మాట మామ చెప్పాల్సింది.