రెండు కుప్పల్లో ఒకే ఎముక

మా మరదలిని ఇంట్లో అందరం ప్రొఫెసరమ్మ అంటాం. ఆ పేరు నా భార్య పెట్టింది. చిన్నప్పుడు ఎవరేం చెప్పినా "మీకెలా తెలుసు?" అని అడిగేదట. కంప్యూటర్ సైన్సులో పీజీ చేస్తూ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. మా పాప ఒళ్లు కాస్త వెచ్చగా తగిలితే చాలు, నేను థర్మామీటరు పట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరుగుతాను. ఆమె మాత్రం ఉయ్యాల పక్కన కూర్చుని, "కాసేపాగి మళ్లీ చూడండి బావా, ఒక్క కొలత కొలత కాదు" అంటుంది.

ఛాతీ ఎక్స్‌రే చూసి ఊపిరితిత్తుల జబ్బును పట్టే ప్రోగ్రాం ఆమె రాసింది. కొన్ని ఎక్స్‌రేలు చూపించి దానికి నేర్పాలి. అది ఎప్పుడూ చూడనివి కొన్ని పక్కన పెట్టి, వాటితో పరీక్ష పెట్టాలి. ఆ పరీక్షలో ప్రోగ్రాం ఎవరూ ఊహించనంత బాగా నెగ్గింది. ల్యాబ్ నడిపే మేడం మెచ్చుకోవడంలో పరమ పిసినారి. అలాంటామె ఆ ఫలితాన్ని పేపరుగా రాయించి ఒక సదస్సుకు పంపి, "నా దగ్గరే పీహెచ్‌డీ చెయ్యి, సీటు నీకే" అంది. అదే సమయంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగం ఇస్తామంది.

పరిశోధనే అంటుందని మేమంతా అనుకున్నాం. ఒక సాయంత్రం చెప్పులు విప్పుతూనే, "కంపెనీకే వెళ్తున్నానక్కా" అంది.

"అమ్మయ్య, ప్రొఫెసరమ్మకి బుద్ధొచ్చింది! ఇక నుంచి మేనేజరమ్మ" అంది నా భార్య.

మామూలుగా అయితే మరదలు ఒకటంటే రెండు వడ్డించే మనిషి. ఆ రోజు తల వంచుకుని ఆరిన బట్టలు తీసుకురావడానికి బాల్కనీలోకి వెళ్లిపోయింది. నేను పాపను ఎత్తుకుని వెనకే వెళ్లాను.

"మేడంకి చెప్పావా?"

"మెయిల్ పెడతాను."

"రోజూ కనిపించే మనిషికి మెయిలేంటి?"

పాప మేజోడును మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. "మీకొకటి చెప్తాను బావా, అక్కకి చెప్పకూడదు."

"మీ అక్క దగ్గర దాచి నేను ఈ ఇంట్లో బతగ్గలనా?"

నవ్వలేదు. చెప్పింది.

పోయిన వారం పేపరు కోసం బొమ్మలు ఏరుతుంటే ఒక ఎక్స్‌రేలో భుజం పైన ఎముక విరిగి వంకరగా అతుక్కుని కనిపించింది. కాసేపటికి ఇంకో ఎక్స్‌రేలో అదే ఎముక, అదే వంకర. ఇద్దరు కాదు, ఆసుపత్రికి రెండుసార్లు వచ్చిన ఒకే మనిషి. ఒక ఎక్స్‌రే నేర్పే కుప్పలో ఉంది, రెండోది పరీక్ష కుప్పలో. ఆమె బొమ్మల లెక్కన విడదీసింది గానీ, మనుషుల లెక్కన విడదీయలేదు. వెతికితే అలాంటివాళ్లు ఎందరో. ప్రోగ్రాం జబ్బును నేర్చుకోలేదు, మనుషుల్ని గుర్తుపట్టింది.

"ప్రశ్నపత్రం ముందే చేతిలో పెట్టి, క్లాసు ఫస్టొచ్చాడని ఊరేగించాం బావా."

"తెలియక చేసిందేగా?"

"తెలిశాకే కదా అసలు సిగ్గు. మొన్న వేరే కాలేజీ వాళ్లొస్తే మేడం నన్ను పిలిచి నిలబెట్టింది. 'మహా జాగ్రత్తయిన పిల్ల' అంది. నేను నవ్వాను బావా. నవ్వి, థాంక్స్ మేడం అన్నాను."

"మరి కంపెనీ పని నీకిష్టమేనా?"

"ఇష్టమా కాదా అని ఆలోచిస్తేగా! నాకు దాక్కోడానికి చోటు కావాలి, అంతే."

భుజం మీద పాప దగ్గింది. చలికాలంలో దానికీ ఛాతీ ఎక్స్‌రే తీయించాం. ఇద్దరం దాని వైపే చూశాం.

మర్నాడు ఆమె ల్యాబ్‌లో అందరూ ఉండగానే ఆ రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన తెరిచి మేడం ముందు పెట్టింది. మేడం చాలాసేపు చూసింది.

"ఎప్పుడు తెలిసింది?"

"పోయిన వారం మేడం."

"అంటే వాళ్ల ముందు నిలబెట్టినప్పటికే తెలుసు."

"తెలుసు మేడం."

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కుప్పలు నేనూ చూడాల్సింది. ఆ తప్పు ఇద్దరిదీ. ఆ నవ్వు మాత్రం నీ ఒక్కదానిదే." పేపరు వెనక్కి తీసుకుంటున్నామని అక్కడికక్కడే సదస్సు వాళ్లకు రాసింది. తర్వాత, "సీటు నీకే అన్న మాట ఇప్పుడు మళ్లీ అనలేను. ముందు పని సరిచెయ్యి. అప్పుడు చూద్దాం. కంపెనీకి వెళ్తానంటే వెళ్లు, ఆపను" అంది.

ఇంటికొచ్చి అక్కకి కూడా మొత్తం చెప్పింది. చివర్లో, కంపెనీకి వద్దని చెప్పేశానంది.

"పిచ్చిదానా! రెంటికీ చెడ్డ రేవడివయ్యావు కదే! ఆ మేడం సీటివ్వకపోతే?"

"ఇవ్వకపోవచ్చు. కానీ అక్కడికెళ్తే, ఎందుకొచ్చానో రోజూ గుర్తొస్తుందక్కా."

ఆ తర్వాత ఎక్స్‌రేలన్నిటినీ మనుషుల లెక్కన విడదీసి, ప్రోగ్రాంకి మళ్లీ మొదటి నుంచి నేర్పింది. ఆమె లోపలికెళ్తే ల్యాబ్‌లో మాటలు ఆగిపోతున్నాయట. అందరూ తినేసి వచ్చాక వెళ్లి తింటోంది. సీటు మాట మేడం ఎత్తలేదు, ఈమె అడగలేదు. కొత్త పరీక్ష ఫలితం నిన్న వచ్చింది. నాణెం ఎగరేసి చెప్పినదానికన్నా కాస్త నయం, అంతే. ఆ అంకెను ల్యాబ్ బోర్డు మీద అందరి ముందూ తనే రాసిందట. రాశాక వెనక్కి తిరగడానికి మాత్రం చాలాసేపు పట్టిందట.