మొదటి చప్పట్లు టఫ్లీవే

డెస్మండ్ టఫ్లీ గురించి రాసిమ్మని మా బ్రాక్‌స్టన్ చరిత్ర సంఘం వాళ్లు నన్నడిగారు. పెల్‌వర్త్ కార్ల కంపెనీలో వాడితో పాటు పనిచేసినవాళ్లలో ఇంకా కలం పట్టగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలానట. నాలుగు మంచి మాటలు రాయండి నోర్మా అన్నారు. మంచి మాటలే కావాలంటే వాణ్ణే అడగాల్సింది. తన గురించి వాడి దగ్గర బోలెడున్నాయి.

ముందు కంపెనీ సంగతి చెప్పాలి, అది లేకపోతే టఫ్లీ లేడు. మొదటి యుద్ధం నుంచి తిరిగొచ్చిన కెప్టెన్ పెల్‌వర్త్, బావమరిది బీరు కార్ఖానా వెనక గుర్రాల కొట్టంలో మొదటి బండి కట్టాడు. దాంతో ఒక్క పందెం గెలిచాడు. ఆ ఒక్క గెలుపునే కంపెనీ ఇన్నాళ్లూ నమిలి నమిలి తింటోంది. బండి అందంగా ఉండేది, కాదనను. వాన పడితే మాత్రం కొన్నవాడి మోకాళ్లు తడిసేవి. మా దగ్గర కొనే దొరలు దాన్ని కూడా గొప్పగా చెప్పుకునేవాళ్లు. తడవకుండా వెళ్లాలంటే బస్సెక్కొచ్చు కదా అనేవాడు ఒకాయన, ఆయన ఎన్నడూ బస్సు మొహం చూసినవాడు కాదు.

లాభం అనే మాట కంపెనీ విన్న పాపాన పోలేదు. కెప్టెన్ మునిగితే గేర్లు చేసే షావుకారొకడు వచ్చి పైకి లాగాడు. అతను మునిగితే ఇళ్లు కట్టి అమ్మేవాడొచ్చాడు, వాడి తర్వాత అమెరికావాళ్లు. వచ్చిన ప్రతివాడూ సామాన్లు దింపే అరుగెక్కి ఒకటే మాట చెప్పేవాడు. పెల్‌వర్త్ ప్రాణం ఈ గోడల్లో లేదట, మా చేతుల్లో ఉందట. ఒకడు పోతూ పోతూ ఆ మాట రాసుకున్న కాగితం రెండోవాడికి ఇచ్చి పోయేవాడేమో తెలియదు. ఆ మాట పూర్తయ్యీ కాకముందే జనంలోంచి మొదటి చప్పట్లు వినిపించేవి. అవి టఫ్లీవి.

వాడు రేకు షాపులో పనివాడు. నేను సీట్లకు తోలు కుట్టేదాన్ని, మా రెండు షాపులకీ మధ్య అద్దాల గోడే అడ్డం. అల్యూమినియం రేకును ఇసుక సంచి మీద పెట్టి, చెక్క సుత్తితో కొట్టి కొట్టి బండికి ఒళ్లు తయారుచేసేవాళ్లు. ఒక్కో బండికి ఇద్దరు మనుషులు. ఎడమ పక్కంతా ఒకడిది, కుడి పక్కంతా ఇంకొకడిది. ఒకసారి ఎడమకు పెట్టారంటే రిటైరయ్యేదాకా ఎడమే. ఇద్దరి కళ్లు, ఇద్దరి చేతులు, రెండు పక్కలూ ఒకేలా ఎలా వస్తాయి? ఎదురుగా నిలబడి చూస్తే, పన్ను నొప్పికి ఒక బుగ్గ వాచిన మనిషిలా ఉండేది బండి. చేత్తో చేసింది కదా అని కొన్నవాళ్లు మురిసిపోయేవాళ్లు.

ఆ షాపులో ఇంకో పట్టింపు కూడా ఉండేది. తయారవుతున్న బండి మూతి ఎప్పుడూ పెద్ద తలుపు వైపే ఉండాలి. తలుపు చూడని బండి అమ్ముడుపోదని వాళ్ల నమ్మకం. తలుపును చూస్తూ చూస్తూ దుమ్ము పట్టినవి బోలెడున్నాయి, అది వేరే సంగతి. ఎదురుగా నిలబడ్డవాడికి బండి ఎడమ పక్క తన కుడి చేతి వైపు వస్తుంది కదా, అందుకని ఎడమవాళ్లు పొద్దున లోపలికి అడుగు పెట్టగానే, ఎదురుగా ఉన్న బండికి తమ కుడి చేతి వైపు తిరిగేవాళ్లు. నిద్రమొహంతో వచ్చినా కాళ్లు అటే పోయేవి.

హెరాన్ అనే బండికి టఫ్లీ ఎడమ, మా ఆయన లెన్ గార్బట్ కుడి. మా ఆయన కూడా గొప్పవాడేం కాదు. ఇంట్లో అల్మారా తలుపు ఊడితే దాన్ని గోడకు ఆనించి అలాగే బతికేశాడు. పలకరించకపోతే మాట్లాడడు, పలకరిస్తే విసుక్కుంటాడు. కానీ అరుగు మీద నుంచి ఎవడేం కూసినా జేబుల్లోంచి చేతులు తీసేవాడు కాదు.

"వీడికి చేతులున్నాయో లేవో చూడండ్రా" అని టఫ్లీ ఎగతాళి చేసేవాడు.

"ఉన్నాయిలే. పనికి దాచుకున్నా" అనేవాడు లెన్.

టఫ్లీ పని చెడ్డదని నేననను. పని ఎంతో డప్పు దానికి నాలుగింతలు, అదీ నా బాధ. పబ్బులో సగం గ్లాసు కడుపులో పడిందంటే మొదలెట్టేవాడు. కళ్లకు గంతలు కట్టండి, ఏ బండైనా తెచ్చి ముందు పెట్టండి, తడిమి చూసి నా చెయ్యేదో చెప్పకపోతే పేరు మార్చుకుంటాననేవాడు. మెడలో ఎప్పుడూ కంపెనీ టై. యజమాని మారినప్పుడల్లా టై రంగు మారేది, వాడి మెడ మాత్రం మారేది కాదు.

ఇళ్లు కట్టేవాడి హయాంలో ఒక సోమవారం అందర్నీ అరుగు దగ్గరికి పిలిచారు. పెల్‌వర్త్ బతకాలంటే కాస్త సన్నబడాలని వాడు చాలా బాధగా చెప్పాడు. రేకు షాపులో సగం మందికి ఆ వారంతో సరి. తీసేసినవాళ్ల పేర్లు వాడే పైకి చదివాడు, అందులో మా లెన్ పేరుంది. టఫ్లీ పేరు లేదు. చదవడం అయిపోగానే టఫ్లీ చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ చెయ్యి కదపలేదు కాబట్టి ఆ చప్పుడు షెడ్డంతా వినపడింది. అలవాటులో కొట్టేశానని తర్వాత మా గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. లెన్ తలుపు తియ్యలేదు. తర్వాత బస్సు డిపోలో సొట్టలు తీసే పనికి కుదిరాడు, అందులో ఉండగానే పోయాడు. ఇవాళ్టికీ ఆ చప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈమధ్య కంపెనీని ఏదో పెట్టుబడి సంస్థ కొన్నది. దాని తరఫున ఇమోజెన్ అనే అమ్మాయి వచ్చింది, చాలా తెల్లని పళ్లు. పాత హెరాన్‌నే మళ్లీ కొత్తగా చేస్తారట. మా కాలం నాటి హెరాన్ ఒకటి సంపాదించి, దాన్ని ఏదో వెలుగుతో కొలిచి, కంప్యూటర్‌కి నేర్పుతారట. అయితే రెండు పక్కలూ రెండు రకాలుగా ఉండటం కంప్యూటర్‌కి పడలేదు. వాళ్లకు ఒక పక్క చాలు, రెండోది అద్దంలో చూసినట్టు దానంతటదే గీసుకుంటుంది. ఏ పక్క ఉంచాలో టఫ్లీతో చెప్పించి, సినిమా తీసి అందరికీ చూపిద్దామని ఆ పిల్ల ఆలోచన.

వాడు ఏ పక్క చెప్తాడో నాకు తెలియదా? ఇకమీద పుట్టే ప్రతి హెరాన్‌కీ రెండు పక్కలా టఫ్లీయే ఉంటాడు. మా లెన్ చేసింది ఒక్క గీత కూడా మిగలదు. ఆ ఉత్సవం చూడటానికి నన్ను కూడా పిలిచారు. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను.

పాత రేకు షాపును తెల్లగా సున్నం కొట్టినట్టు చేసి, మధ్యలో హెరాన్ నిలబెట్టారు. పైనంతా నల్లని పట్టు గుడ్డ కప్పి, రెండు పక్కలా తలుపుల దగ్గర మాత్రం మడిచి పైకి కట్టారు. నాకు కుర్చీ పెద్ద తలుపుకి ఎదురు గోడ దగ్గర, టీ బల్ల పక్కన పడేశారు. టఫ్లీ టైతో వచ్చాడు. రెండు కళ్లలోనూ పొరలు, కెమెరా ముందు కళ్లద్దాలు పెట్టుకోనని పంతం.

"మిస్టర్ టఫ్లీ, మీరు నోటితో చెప్పక్కర్లేదు" అంది ఇమోజెన్. "మీ చెయ్యేసి చూపించండి చాలు."

వాడు పెద్ద తలుపులోంచి లోపలికి అడుగు పెట్టి, బతుకంతా తిరిగినట్టే, బండికి తన కుడి చేతి వైపు తిరిగాడు. తలుపు రేకు మీద అరచెయ్యి పెట్టి ఒక్కసారి మెల్లగా నిమిరాడు.

"ఇదీ" అన్నాడు. "ఇది నా చెయ్యి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవడో పిల్లాడిలాంటి ఇంజనీరు ఆ తలుపు మీద ఆకుపచ్చ పట్టీ అంటించాడు. నేను మాత్రం నా కాళ్ల దగ్గరికి చూశాను. గుడ్డ అంచు కింద గుండ్రంగా బండి ముందు దీపం కన్ను కనపడుతోంది. బండి మూతి నా వైపుంది, అంటే గోడ వైపు. పట్టింపులు తెలియని జనం బండిని తిప్పి నిలబెట్టారు. టఫ్లీ చెయ్యి పెట్టింది కుడి పక్క మీద. మా లెన్ మీద.

వాళ్లకు నేనెందుకు చెప్పాలి? టీ కప్పులో మొహం పెట్టుకుని నవ్వుకున్నాను.

మొదటి కొత్త హెరాన్ బయటికొచ్చిన రోజు మళ్లీ పిలిచారు. లోపల ఇత్తడి పలక మీద టఫ్లీ పేరు చెక్కారు, ఈ ఒంపు అతని చేతిదని. పేరు వాడిదైతే అయింది. నేను రెండు పక్కలా తిరిగి చూశాను. రెండు పక్కలా మా లెన్. వెనక చక్రం మీద మెత్తగా దిగిపోయే ఆ ఒంపు, దాన్ని సరిచేస్తూ కూర్చుని ఎన్నిసార్లు భోజనం చల్లారబెట్టాడో. నా కడుపు నిండిపోయింది. టఫ్లీ అరుగెక్కి, చీకట్లోనైనా తన చెయ్యి తనకు తెలుస్తుందని చెప్పాడు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

అందరూ శాండ్‌విచ్‌ల మీద పడ్డాక చూస్తే వాడు బండి దగ్గర ఒక్కడే ఉన్నాడు. ఎడమ పక్క మీద చెయ్యేసి, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి నిమురుతున్నాడు. దగ్గరికెళ్లాను. ఈ మాట కోసం ఆ సోమవారం నుంచి కాచుకుని ఉన్నాను.

"వెతక్కు డెస్. నువ్వు అందులో లేవు."

వాడు ఉలిక్కిపడతాడనుకున్నాను. చెయ్యి కూడా తియ్యలేదు.

"తెలుసు" అన్నాడు. "ఆ రోజే తెలిసింది. నాదేనని చెప్పేసి చెయ్యి పక్కకు జరిపాను, బండి మూతి వైపుండే తలుపు కీలు కుడి చేతికి తగిలింది. నా ఎడమ పక్కైతే అది ఎడమ చేతికి తగలాలి."

వాడి పక్కంతా, వాడు కొట్టిన కొట్టుడంతా, కొత్త బండిలో ఎక్కడా లేకుండా పోయింది. వాడికది నాకంటే ముందే తెలుసు.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదరా" అన్నాను. "పొరపాటు పడ్డాను, అటు పక్కది నాది అంటే నిన్నేమన్నా కొరికేవాళ్లా?"

టఫ్లీ మెడలో టై సర్దుకున్నాడు.

"చప్పట్లు కొట్టేశారు కదా, నోర్మా" అన్నాడు.