హారతి కిటికీ ముందు తిరిగిన చక్రం

సోమలింగానికి మాటలు తక్కువ. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన నాటి నుంచి ఆ ఊరి పక్కన జోల్వాలో మరమగ్గాల మధ్యే బతికాడు. ఆ మోతలో అరిచినా వినపడదు కాబట్టి అక్కడ పనివాళ్లు పెదవులు చూసే మాటలు పోల్చుకుంటారు.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు అతని కూతురు హారతికి జ్వరం వచ్చింది. పదకొండో తరగతి పిల్ల. డాక్టరు వేరుగా ఉంచమన్నాడు. మగ్గాల షెడ్డు యజమాని సేటు సోమలింగాన్ని పనికి రావద్దన్నాడు. జోల్వాకు దగ్గర్లో కడోదరాలోని వాళ్ల రెండు గదుల ఇంట్లో, వరండా వైపు కిటికీ ఉన్న గది హారతికిచ్చారు. దగ్గుతో ఆ పిల్ల మాట పూర్తిచేయలేకపోయేది. తిండి వద్దని గోడవైపు తిరిగి పడుకునేది.

ఒక పొద్దున అతను వరండా అంచున, కిటికీకి ఎదురుగా నిలబడి అడిగాడు.

"ఏం కావాలె బిడ్డా?"

హారతి చెప్పబోయి దగ్గింది.

"గొంతుకు పని పెట్టకు. ఊకె పెదవులు కదుపు. నాకు తెలుస్తది."

జ్వరం రాకముందు ఫోను క్లాసులో గైరోస్కోపు పాఠం మొదలైందట. జోరుగా తిరిగే చక్రాన్ని ఇరుసు ఒక కొసన తాడుతో వేలాడదీసినా ఒరిగిపోదట. అది కళ్లారా చూడాలని ఉందట. గైరోస్కోపు అన్న పేరు మాత్రం ఆమె పెదవుల మీద అతనికి అందలేదు. హారతి గాల్లో వేలు తిప్పి చూపించింది.

సోమలింగం తన సైకిల్ ముందు చక్రం విప్పాడు.

"రేపు పనికెట్ల పోతవయ్యా?" అంది భార్య ఐలమ్మ.

"రమ్మన్ననాడు నడిచి పోత."

అంచు బరువుగా ఉండాలని హారతి చెబితే, టైరు తీసేసి రిమ్ము గాడిలో ఇనుపతీగ చుట్టాడు. ఇరుసు ఒక కొసకు గొట్టం బిగించి, దానికి తాడు కట్టి వరండా కొక్కేనికి వేలాడదీశాడు. చక్రాన్ని నిలువుగా పట్టుకుని తిప్పి వదిలాడు. అది అదురుతూ ఒరిగిపోయింది. తీగ ఒకపక్క ఎక్కువ పడిందని తెలిసి, అంతా విప్పి సమంగా చుట్టాడు. మళ్లీ ఒరిగింది. లోపల హారతికి నవ్వొచ్చింది.

"ఇంకా జోరుగా, బాపూ," అన్నాయి పెదవులు.

ఈసారి అంచుకు దారం చుట్టి బలంగా లాగి, చేయి తీశాడు. చక్రం నిలువుగానే ఉండి, తాడు చుట్టూ మెల్లగా తిరగసాగింది. ఐలమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"పడతలేదేందే?"

హారతి లేచి కూర్చుంది. ఆమె పెదవులు కదుపుతుంటే సోమలింగం పైకి చెప్పాడు.

"భూమి కిందికి గుంజుతదంట. గింత జోరుగా తిరిగేది పడక, పక్కకు జరుగుతదంట."

ఆ పూట పిల్ల జావ తాగింది. ఆ తర్వాత రోజూ తిప్పాడు. ఒకరోజు మాత్రం ఆమె ఇటు తిరగలేదు. ఊపిరి భారంగా తీస్తూ ఉంది. సోమలింగం చక్రం జోలికి పోకుండా వరండాలోనే కూర్చుండిపోయాడు. మరునాటికి జ్వరం జారింది.

వేరుగా ఉండే రోజులు తీరి గది బయటికి వచ్చాక హారతి ఇరుసును రెండు కొసలా పట్టుకుని తండ్రితో చక్రం తిప్పించుకుంది. పక్కకు వంచబోతే అది మొండికేసింది.

"నా చేతులను గుంజుతున్నది బాపూ."

ఐలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"నాకు జర పట్టనియ్యి."