నూటికి యాభై ఒకటి

డెల్బర్ట్ హ్రుష్కా నడుముకు తుపాకీ లేకుండా గడప దాటి పదకొండేళ్లయింది. లైసెన్సు ఉంది. పైన వదులు చొక్కా ఉంటుంది గనక తుపాకీ ఎవరికీ కనబడదు. చిక్కల్లా దాన్ని ఎక్కడికి తీసుకెళ్లొచ్చు, ఎక్కడికి కూడదు అన్న దగ్గరే. టెక్సాస్ చట్టం కూడని చోట్ల జాబితా రాసుకుంటూ పోయింది. మామూలు మనిషైతే అలాంటి చోటికి వెళ్లేటప్పుడు దాన్ని బండిలో పెట్టి తాళం వేస్తాడు. మన డెల్బర్ట్ మాత్రం తుపాకీని రానివ్వని చోటికి తనూ వెళ్లడం మానేశాడు.

ఇదంతా భార్య వ్లాస్తా వల్ల. ఆవిడ పోయే ముందు నెలలో ఎవరో దొంగలు పెరట్లో మాంసం పొగబెట్టే పొగగదిలోంచి నలభై సాసేజీ దండలు ఎత్తుకుపోయారు. మంచాన పడ్డ మనిషి ఆ దిగులుతోనే మొగుడి చెయ్యి పట్టుకుంది. "తుపాకీ నడుముకు లేకుండా గడప దాటనని ఒట్టెయ్యి" అంది. వేశాడు. నడుముకున్న తుపాకీ పెరట్లో సాసేజీలకేం కాపలా కాస్తుందని అడగాలని తోచలేదు. తోచినా, ఆ స్థితిలో ఉన్న మనిషితో ఎవరు మాత్రం వాదిస్తారు?

పోస్టాఫీసులో తుపాకీ కూడదు గనక అప్పట్నుంచి స్టాంపులు కావాలంటే ఉత్తరాలు పంచే ఆవిడే ఇంటికి తెచ్చిస్తోంది. ఆసుపత్రి తలుపుకు తుపాకీలు కూడవని బోర్డుంది గనక డాక్టర్ పాటెక్ బయటికొచ్చి, ట్రక్కు కిటికీలోంచే వేలు పొడిచి షుగర్ చూస్తాడు. వానొస్తే నర్సు గొడుగు పడుతుంది. మనవరాలు జెన్నా బడి బ్యాండులో బాకా ఊదుతుంటే ఈయన కంచె అవతల రోడ్డు మీద నిలబడి వింటాడు. ఊళ్లో ఎవరూ నవ్వరు. అలవాటైపోయింది.

ఇక మిగిలింది ఒక్కటే చోటు, అల్బినా కుబేనా బీరు కొట్టు. రోజూ మధ్యాహ్నం రెండింటికి కిటికీ పక్క బల్ల మీద చుక్కల బిళ్లలతో డామినోలాట. ఎదురుగా జతగాడు ఎడ్విన్, అటూ ఇటూ లాడిస్లావ్, యూజీన్. నలుగురికీ తుపాకీ లైసెన్సులున్నాయి. ఒకే రోజున ఆ బల్ల మీదే ఫారాలు నింపుకున్నారు. తుపాకీ ఉండగా తాగడం తప్పని డెల్బర్ట్ కాఫీతోనే సరిపెట్టుకునేవాడు. ఆ రెండు గంటలూ పోతే రోజు మొత్తంలో ఆయనతో మాట్లాడే మనిషే లేడు.

అలాంటి కొట్టు మీదికి చమురు బావుల్లో పనిచేసే జనం వచ్చిపడ్డారు. వాళ్లు తాగడమే గానీ, ఒక్క పల్లీ గింజ కొన్న పాపాన పోలేదు. ఒకరోజు అల్బినా బల్ల దగ్గరికొచ్చి సంగతి చెప్పింది. కొట్టు రాబడిలో నూటికి యాభై ఒక్క వంతు మద్యం మీదే వస్తే తలుపుకు 51 అని ఎర్ర అంకె బోర్డు తగిలించాలి. ఆ తలుపు దాటి తుపాకీతో వచ్చినవాడు జైలుకే. ఇప్పుడు నలభై తొమ్మిదిలో ఉన్నాం, నాలుగు నెలల్లో కొట్టు లైసెన్సు మళ్లీ రాయించుకోవాలి అంది.

డెల్బర్ట్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. యూజీన్ అది చూసి, తిండి రాబడి పెరిగితే మద్యం వంతు తగ్గుతుందని నాలుగు ప్లేట్ల సాసేజీ తెమ్మన్నాడు.

ఇక చూడాలి ఆ తిండి! నలుగురు ముసలాళ్లు నడుం బిగించి తిన్నారు. సాసేజీలు, నూడుల్సు, గసగసాలు కూరిన తీపి రొట్టెలు. లాడిస్లావ్ కట్టుడు పళ్లు విరిగాయి, బాగుచేయించుకుని మళ్లీ తిన్నాడు. అల్బినా రోజూ సాయంత్రం జ్వరం చూసి చెప్పినట్టు అంకె చెప్పేది. నలభై తొమ్మిదిన్నర అంటే ఇంకో రౌండు. డాక్టర్ పాటెక్ ట్రక్కు కిటికీలోంచి తల లోపలికి పెట్టి మరీ తిట్టాడు. "ఇలా తింటే చచ్చిపోతారు డెల్బర్ట్ గారూ" అన్నాడు. డెల్బర్ట్ ఒళ్లో రొట్టె దాచుకుని సరేనన్నాడు.

నాలుగు నెలలయ్యాయి. అంకె నలభై ఆరుకు దిగింది. బోర్డు పడలేదు.

మర్నాడు రెండింటికి బయల్దేరబోతే బెల్టు పట్టలేదు. మేకుతో కొత్త బెజ్జం పొడిచాడు, అయినా పట్టలేదు. తాడుతో కట్టుకున్నాడు. ఈసారి బొజ్జ మీద చొక్కా పైకి లేచి తుపాకీ పిడి బయటికి కనబడింది. లైసెన్సు తుపాకీని దాచిపెట్టుకోవడానికే గానీ, చూపించుకు తిరగడానికి కాదు. పెద్ద చొక్కాలు దొరికే దుకాణం పట్నంలో ఒక్కటే ఉంది, దాని తలుపుకూ తుపాకీలు కూడవని బోర్డుంది. డెల్బర్ట్ గడప లోపల కుర్చీ వేసుకుని కూలబడ్డాడు.

రెండున్నరకి ముగ్గురూ వెతుక్కుంటూ వచ్చారు. సంగతి విని ఎడ్విన్ తన చొక్కా ఎత్తాడు. కింద బనీను తప్ప ఏమీ లేదు. మిగతా ఇద్దరూ ఎత్తారు. వాళ్లకీ అంతే.

"ఎప్పట్నుంచిరా?" అన్నాడు డెల్బర్ట్.

"ఆరేళ్లయింది. నడుం నొప్పి" అన్నాడు ఎడ్విన్.

"మరి ఆ తిండంతా దేనికి తిన్నారు?"

"నువ్వు రాకపోతే నాకు జతెవరు?" అన్నాడు ఎడ్విన్. "ఇక ఆ ఒట్టు తీసి గట్టున పెట్టరా."

డెల్బర్ట్ నడుముకున్న తాడు విప్పాడు. తర్వాత లేచి, తుపాకీ తీసుకెళ్లి పొగగదిలో సాసేజీలు వేలాడే కొక్కేనికి తగిలించి తాళం వేశాడు. వ్లాస్తా భయమంతా ఆ గది గురించే కదా. అప్పుడు మళ్లీ ఇంట్లోకొచ్చి వీధి గడప దాటాడు.

కొట్టులో ఆయన బీరు అడిగాడు. పదకొండేళ్ల తర్వాత మొదటిది. అల్బినా అదీ లెక్కలో రాసుకుంటూ ఎర్ర బోర్డు గురించి ఏదో సణిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

శుక్రవారం బడి మైదానంలో ముందు వరుసలో కూర్చున్నాడు. చెయ్యి మాటిమాటికీ ఖాళీ నడుము మీదికి పోతోంది. జెన్నా బాకా ఎత్తి, అలవాటుగా కంచె వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. బిడ్డ కంగారుపడి ఊదడం ఆపేసి అటూ ఇటూ వెతికింది. డెల్బర్ట్ ముందు వరుసలోంచి లేచి చెయ్యి ఊపాడు.